తన వంతు

కుర్చీ గట్టిది కావడమే నయమైంది, కాస్త మెత్తగా ఉండి ఉంటే ఈపాటికి తను నోరు తెరుచుకుని నిద్రపోయేది. పొడుగాటి వరండా, ఒక పక్కంతా కిటికీలు, రెండో పక్క మూసిన తలుపులు, ఆ చివరి తలుపు మీద 'ఆనర్స్ ప్రోగ్రాం, డైరెక్టర్' అని ఇత్తడి పలక. ఎవరో రోజూ తుడుస్తారు కాబోలు, అక్షరాల అంచులు అరిగి మెత్తబడ్డాయి. మొదటి సంవత్సరం వాళ్ళని ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలుస్తున్నారు. ఎంపిక ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు డైరెక్టర్ మేడమ్ ఎదురుగా కూర్చుని చేరతానో చేరనో చెప్పాలి, అంతే. చేరనని చెప్పడానికే తను వచ్చింది. ఫోన్‌లో చెప్పినా సరిపోయేది, కానీ పిలిచి పీట వేసినవాళ్ళకి ముఖం చూపించి చెప్పడం మర్యాద అనిపించింది. ఆ మర్యాద కోసం క్లాసులు లేని రోజు కూడా రెండు బస్సులు మారి వచ్చింది. రెండో బస్సులో సీటు దొరకలేదు, కాళ్ళు పీక్కుపోతున్నాయి, భుజం మీద సంచీ పట్టీ ఒరుసుకుపోయినచోట మంట. చేరను మేడమ్. ఇంట్లో ఇబ్బంది మేడమ్. నాలుగు మాటలు. లోపలికి వెళ్ళడం, చెప్పడం, లేచి రావడం. పక్క కుర్చీలో కళ్ళద్దాల అమ్మాయి పెదవులు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటోంది, మధ్యలో ఆగి తలాడించి మళ్ళీ మొదలుపెడుతోంది. ఆ పిల్లకి ఎన్ని మాటలో. అన్నీ తనవే.

కిటికీ గడప రాతిది. ఆ రాయి మీద వేలు పెట్టి చూసింది. బూడిదరంగులో నల్ల చుక్కలు, అక్కడక్కడా గులాబీ పొడి రాల్చినట్టు గింజలు, భూమి లోపల నిదానంగా చల్లారిందని చెప్పే పెద్ద పెద్ద గింజలు. తొందరగా చల్లారిన రాయికి గింజ కట్టదు, నున్నగా ఉంటుంది. భూగర్భశాస్త్రం ఎందుకు తీసుకున్నావమ్మా అని చేరిన రోజున గుమాస్తా అడిగితే ఊరికే నవ్వింది. రాళ్ళు మాట్లాడవండీ, అందుకని. ఆ జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిజంగా అదే కారణం. రాయి ఏం చెబుతోందో కనిపెట్టి, పక్కవాళ్ళకి చెప్పి, వాళ్ళన్నది మళ్ళీ రాయికి చెప్పక్కర్లేదు. ల్యాబులో ఒక ముక్క చేతిలో పెడితే తను దాన్ని తిప్పుతూ చూస్తూ ఉండిపోయేది, గంట కొట్టినా తెలిసేది కాదు. ఆ చూడడం చూసే ల్యాబు మాస్టారు ఆనర్స్‌కి తన పేరు పంపాడు. ఆయనకేం తెలుసు, తను చూస్తున్నది సగం రాయిని, సగం శూన్యాన్ని. కళ్ళు తెరిచి నిద్రపోవడం తను ఎప్పుడో నేర్చుకుంది.

నాన్నకి మాట పడిపోయినప్పుడు నేర్చుకుంది. అంతకుముందు ఇంట్లో నిద్రకి కరువు ఉండేది కాదు, మాటలకి అసలే ఉండేది కాదు. నాన్న మంగలి. సెలూన్‌లో కత్తెరకంటే ఆయన నోరే ఎక్కువ ఆడేదని అందరూ అనేవాళ్ళు, ఆయనా ఒప్పుకునేవాడు. కుర్చీలో కూర్చున్నవాడి తల ఎటు తిప్పితే అటు తిరుగుతుంది కదా, చెవి ఎక్కడికి పోతుంది అనేవాడు. జుట్టు కోయించుకోవడానికి కాదు, ఊళ్ళో సంగతులు వినడానికి వచ్చేవాళ్ళు కొందరు, బట్టతల ఆయన ఒకడైతే వారం వారం వచ్చేవాడు, నాన్న ఆయన తల చుట్టూ గాల్లో కత్తెర ఆడించి పంపేసేవాడు. పుట్టిన రోజునే తన తల తడిమి, రెండు సుడులు, ఈ పిల్ల జుట్టు దువ్వెన మాట వినదు అని, ఆ రోజు నుంచి సుడి అనే పిలిచాడు. రికార్డుల్లో ఉన్న పేరు బళ్ళో పిలిచినప్పుడు ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసిందట తను. సుడీ, నీళ్ళు. సుడీ, సానరాయి తీసుకురా. ఆనర్స్ కోసం వ్యాసం రాయమంటే ఆ సానరాయి మీదే రాసింది. ఒక పక్క గరుకు, ఒక పక్క పట్టులా నునుపు, మధ్యలో ఏళ్ళ తరబడి కత్తి నడిచి నడిచి పల్లంగా అరిగిపోయిన చోటు. అది ఏ జాతి రాయో, ఏ సముద్రం అడుగున ఏ సన్నటి బురద పేరుకుని అయ్యుంటుందో రాసింది. నాన్న సంగతి రాయలేదు. రాస్తే ఆయన మాటలు మళ్ళీ తనే చెప్పాల్సి వచ్చేది.

ఎవరి గడ్డానికో సబ్బు నురగ రాసి, ఏదో కథ చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయాడట. కూర్చున్నాయన కళ్ళు మూసుకుని తర్వాతేమైందన్నా, తర్వాతేమైందన్నా అంటున్నాడట. తర్వాత ఏమైందంటే కుడిచెయ్యి సగం పోయింది, కాలు కొంచెం ఈడుస్తున్నాడు, మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. కత్తెర. మంచినీళ్ళు కావాలంటే కత్తెర, కిటికీ మూయమంటే కత్తెర, నొప్పిగా ఉందంటే కత్తెర, తనని పిలవాలన్నా కత్తెర. ఆ కాస్తా కాక తిట్లు మిగిలాయి, అదీ మామూలు తిట్లు కాదు, జన్మలో ఎప్పుడూ నోటి నుంచి రానివి, చక్కగా, ఒత్తులతో సహా. అమ్మ చెవులు మూసుకుంది. మాటలు నేర్పడానికి వచ్చే టీచరు మాత్రం నవ్వింది, తిట్లు మెదడులో వేరే గదిలో ఉంటాయమ్మా, ఆ గది కాలలేదు, సంతోషించండి అంది. వెళ్ళేటప్పుడు తనని గుమ్మం దగ్గర ఆపి, నువ్వు అందించకు, ఆగు, ఆయన్ని వెతుక్కోనీ, నువ్వు మాట అందించినప్పుడల్లా ఆయన వెతకడం మానేస్తాడు అని చెప్పింది. తల ఊపింది తను. ఆగడానికి ఓపిక కావాలి. అమ్మ తెల్లారకముందే బేకరీలో పనికి వెళ్ళిపోతుంది, మధ్యాహ్నానికి ఒళ్ళు హూనమై వస్తుంది, ఆయన కత్తెర అంటే దుప్పటి తెస్తుంది, ఆయన తల అడ్డంగా ఊపుతాడు, టవల్ తెస్తుంది, ఆయన తిడతాడు, ఆవిడ ఏడుస్తుంది. అదంతా చూసే ఓపిక ఎవరికుంది? తను ఆయన కళ్ళు ఎటు పోయాయో చూసి, గొంతు ఎక్కడ లేచిందో విని, నాన్నకి రేడియో కావాలటమ్మా అనేసేది. అయిపోయేది. అందరికీ హాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. కత్తెర కత్తెర అని నాన్న చెయ్యి విసిరి కొట్టినట్టు ఊపితే, నీ వంట నోట పెట్టుకోలేకపోతున్నాను అంటున్నాడని స్పష్టంగా తెలిసి కూడా, ఆకలి లేదంటున్నాడమ్మా అని చెప్పింది ఒకసారి. తిట్టుకుని పోట్లాడుకుని ఇద్దరూ చెరో గోడకి తిరిగితే, సారీ అంటున్నాడమ్మా అని చెప్పింది. అమ్మ మౌనంగా ఉంటే, నీకోసమే చపాతీలు మెత్తగా చేస్తోంది నాన్నా అని అటు చెప్పింది. అలా చెప్పి చెప్పి, ఆ ఇంట్లో ఉన్న మొగుడూ పెళ్ళాల్లో ఎంత నిజమో, ఎంత తన కల్పనో తనకే తెలియకుండా పోయింది. కాలేజీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ తన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, పొద్దుటి నుంచి దాచుకున్న మాటలన్నీ పట్టుకుని. సంచీ దించకముందే మొదలు. తల ప్రాణం తోకకి వచ్చేది. పుస్తకం తెరిస్తే అక్షరాలు కూడా, నా మాట చెప్పు, నా మాట చెప్పు అని తన మొహంలోకి చూస్తున్నట్టు ఉండేవి.

ఆనర్స్ సంగతి నాన్నకి మాత్రం చెప్పింది. ఆయనకి ఎన్నో చెప్పింది ఈ రెండేళ్ళలో, ఎవరికీ చెప్పనివి, ఎందుకంటే ఆయన నోట ఇంకొకరికి చేరవు కదా. ఎంపిక చేశారు నాన్నా. చేరితే అక్కడి హాస్టల్లోనే ఉండాలట. సాయంత్రాలు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడాలట. చేరనులే, నువ్వేం కంగారు పడకు. నాన్న తన కళ్ళలోకి చూసి కత్తెర అన్నాడు. చాలాసార్లు అన్నాడు. ఏమంటున్నాడో అప్పుడు తనకి అందలేదు. అందుకోవాలని కూడా అనిపించలేదు, అలసిపోయి ఉంది, సరే నాన్నా అని దీపం ఆర్పేసింది.

తలుపు తెరుచుకుంది. ఆఫీసులో పనిచేసే అమ్మాయి తొంగి చూసి కళ్ళద్దాల అమ్మాయిని పిలిచింది. ఆ పిల్ల లేవబోయి సంచీ పడేసుకుని, తీసుకుని, తనవైపు చూసి, "నా మొహం ఎలా ఉంది?" అంది. "బాగుంది" అంది తను. తర్వాతది తనే. వరండాలో ఇంకెవరూ లేరు. చేరను మేడమ్, ఇంట్లో ఇబ్బంది మేడమ్. కళ్ళు మూసుకుంటే రెప్పల వెనకాల బస్సు ఊగుతోంది.

సంచీలో ఫోన్ మోగింది. ఇంటి నంబరు. అమ్మ ఇంకా బేకరీలోనే ఉండాలి. ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే. మాట పడిపోయాక నాన్న ఫోన్ ముట్టుకోలేదు, ముట్టుకుని ఏం చేస్తాడు?

"నాన్నా? ఏమైంది? పడ్డావా?"

ఊపిరి. బరువైన ఊపిరి.

"అమ్మ రాలేదా? తల తిరుగుతోందా? మాత్రలు కనిపించట్లేదా? పక్కింటాయన్ని పిలవనా?" అడుగుతూనే ఉంది. ఆయన కళ్ళు కనబడటం లేదు. చెయ్యి ఎటు చూపిస్తున్నాడో కనబడటం లేదు. ఇన్నాళ్ళూ తను చదివింది ఆయన మాటని కాదు, మొహాన్ని. మొహం లేకపోతే తనకీ ఏమీ రాదు, అమ్మకెంత వచ్చో అంతే. ఇంకేం అడగాలో తోచక నోరు మూసుకుంది. గోడకి ఆనుకుని, ఫోన్ చెవికి అదుముకుని, ఆగింది. ఆగడం ఇంత కష్టమా? కిటికీ అవతల ఎవరో గడ్డి కోసే యంత్రం ఆపేశారు.

"కత్తెర" అన్నాడు నాన్న. తర్వాత, "కత్తె... కాదు." తర్వాత ఒక తిట్టు, స్వచ్ఛమైనది. మళ్ళీ ఊపిరి. "నువ్వు..."

"నేనే నాన్నా. సుడిని."

"నువ్వు కాదు."

"ఏంటి నాన్నా?"

"నువ్వు కాదు. త... తమ్... తమ్ముడు."

బాబాయ్. సెలూన్ ఇప్పుడు బాబాయే నడుపుతున్నాడు. ఆయనకి చెయ్యబోయి తనకి చేశాడు. ఇంతేనా. నవ్వొస్తోంది. "బాబాయ్‌తో ఏం చెప్పాలి నాన్నా? షాపుకి తీసుకెళ్ళమనా? చెప్పు, నేను చెప్తాలే."

"వద్దు" అన్నాడు. ఆ వద్దు ఎంత శుభ్రంగా ఉందంటే, పాత నాన్నే అన్నట్టుంది. "నేను." కొంచెంసేపు ఆగి, "నేను" అని మళ్ళీ అని ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. బాబాయ్‌కి చేసి చెప్పాలని వేలు వెళ్ళింది, నాన్న చేస్తాడు, గాభరా పడకు, కాస్త ఆగి విను అని. వేలు ఆపుకుంది. బాబాయ్ గాభరా పడితే పడతాడు. నాన్న తిడితే తిడతాడు. వాళ్ళిద్దరూ అన్నదమ్ములు. ఛాతీలో ఏదో ఖాళీ అయినట్టుంది, అది హాయో నొప్పో తెలియడం లేదు, చాలా బరువు మోసి దించాక చేతులు వాటంతటవే పైకి తేలుతున్నట్టు అనిపిస్తుందే, అలా. నువ్వు కాదు. ఆ మాట చురుక్కుమంది కూడా. తనంతటివాళ్ళు లేరని ఎక్కడో లోపల కాస్త గర్వం ఉండేది మరి. కళ్ళద్దాల అమ్మాయి బయటికొచ్చింది, మొహం వెలిగిపోతోంది, ఏదో అంది, వినబడలేదు. ఆఫీసు అమ్మాయి తన అసలు పేరు పెట్టి పిలిచింది. ఒక్క క్షణం ఎవరినో అనుకుంది.

డైరెక్టర్ మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. బల్ల కింద చెప్పులు విప్పేసి, వట్టి పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. ఆవిడ కళ్ళ కింద కూడా నల్లటి చారలు. ఎదురుగా బల్ల మీద తన వ్యాసం.

"కూర్చో అమ్మా. సానరాయి అమ్మాయివి కదూ? బాగా రాశావు. మరి చేరుతున్నట్టేనా?"

చేరను మేడమ్. ఆ నాలుగు మాటలు నాలుక చివరే ఉండాలి, లేవు. వాటికోసం లోపలికి వెళ్ళి చూస్తే అక్కడ నాన్న మాటలున్నాయి, అమ్మ మాటలున్నాయి, వాళ్ళిద్దరి కోసం తను అల్లినవి గుట్టలుగా ఉన్నాయి. తనవి ఎక్కడ పెట్టిందో గుర్తు రావడం లేదు.

"ఇంట్లో ఒప్పుకోలేదా?" అంది మేడమ్ మెల్లగా.

కాదన్నట్టు తలాడించింది.

"హాస్టల్ అంటే భయమా? అమ్మానాన్నల్ని వదిలి ఎప్పుడూ ఉండలేదు, అంతేనా?"

అది కాదు. అదీ ఉంది, కానీ అది కాదు.

"సెమినార్‌లో నలుగురిలో మాట్లాడాలంటే జంకు. అదేగా? మొదట్లో అందరికీ ఉంటుందమ్మా, ఒక నెలయితే..."

ఎంత దయ ఆ గొంతులో. తనకి ఒక్క మాట కూడా బరువు కాకూడదని అన్నీ ఆవిడే ఎత్తుతోంది. ఎత్తిన ప్రతిదాన్నీ తను కాదనాల్సి వస్తోంది, కాదని అనడానికే ఉన్న కాస్త ఓపికా పోతోంది, వెతుకుతున్న మాట చేతికి తగిలే సమయానికి ఇంకొకటి వచ్చి దాన్ని వెనక్కి నెడుతోంది. ఒళ్ళు మండింది. పళ్ళు బిగుసుకున్నాయి. ఆ వేరే గదిలో ఉండే తిట్టు ఒకటి తనకీ నోటిదాకా వచ్చింది. ఇలాగా. రోజూ, రోజంతా, ఇలాగా. నాన్న అరుస్తాడంటే అరవడా మరి.

"మేడమ్" అంది. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఒక్క నిమిషం ఆగండి. నన్ను చెప్పనివ్వండి."

మేడమ్ ఆగింది. కోపం తెచ్చుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తన నిమిషం అయిపోయింది, ఇంకొకటి కూడా అయిపోయి ఉంటుంది, మేడమ్ కదల్లేదు, గోడ వంక చూడలేదు, దగ్గలేదు.

"చేరనని చెప్పడానికి వచ్చానండి" అంది చివరికి. "ఇప్పుడు ఆ మాట రావట్లేదు. మా నాన్నకి మాట పడిపోయింది. రెండేళ్ళ నుంచి ఆయన తరఫున నేనే మాట్లాడుతున్నాను. అమ్మ తరఫున కూడా. నా తరఫున మాట్లాడటం... అలవాటు తప్పింది. చాలా అలసిపోయి ఉన్నానండి. ఆ గుండ్రబల్ల దగ్గర కూర్చుంటే సాయంత్రమంతా కలిపి ఒక్క మాట అంటానేమో. అదీ అనకపోవచ్చు. అలాంటిదాన్ని పెట్టుకుంటే మీకు నష్టం. కానీ చేరాలనుంది. అది మాత్రం నాకే ఉంది. ఇంకెవరిదీ కాదు."

మేడమ్ నవ్వింది, నవ్వులోనూ అలసటే. "గడగడా మాట్లాడేవాళ్ళు నా దగ్గర బోలెడంత మంది ఉన్నారమ్మా. వాళ్ళని ఆపలేకే చస్తున్నాను. నువ్వు రా. ఒక్క మాటకి ఎంతసేపు పడితే అంతసేపు కూర్చుంటాం." బల్ల కింద కాలితో చెప్పులు వెతుక్కుంటూ, "సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అంది. తను ఆలోచించడం చూసి, ఇక జవాబు కోసం ఆగకుండా ఆఫీసు అమ్మాయిని పిలిచి, ఈ పిల్లకి గది చూపించమంది.

గది రెండో అంతస్తులో. ఇనప మంచం, దుప్పటి లేని పరుపు, ఒక బల్ల, గోడ మీద ఇదివరకు ఉన్నవాళ్ళు బొమ్మలు అంటించి పీకేసిన మచ్చలు. తలుపుకి లోపల గడియ ఉంది. ఆఫీసు అమ్మాయి వెళ్ళగానే ఆ గడియ వేసి చూసింది, తీసింది, మళ్ళీ వేసింది. మంచం అంచున కూర్చుని అమ్మకి ఫోన్ చేసింది. వెనకాల రేకుల పళ్ళేల చప్పుడు, ఎవరో ఎవరినో కేకేస్తున్నారు.

"అమ్మా, ఇక్కడ ఆనర్స్ అని ఒకటుంది. చేరాను. హాస్టల్లో ఉండాలి. ఇవాళ ఇక్కడే ఉండిపోతాను, రేపొస్తాను." చెప్పి, నాన్న తరఫునా అమ్మ తరఫునా రాబోయే మాటలన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుంది.

"మీ నాన్నకి చెప్పావా?"

"చెప్పాను. ఆయనొక్కడికే."

"అదీ సంగతి!" అంది అమ్మ. "వారం నుంచి నా చెయ్యి పట్టుకుని, నీ పుస్తకాలు చూపిస్తూ కత్తెర కత్తెర అని ఒకటే గోల. పిచ్చిదానిలా ఇంట్లో ఉన్న కత్తెరలన్నీ తెచ్చి ముందర పెట్టాను. తల బాదుకున్నాడు పాపం. ఇదా ఆయన చెప్పేది."

నాన్నకి చెప్పినవి ఎవరికీ చేరవనుకుంది. వారం నుంచి చెబుతూనే ఉన్నాడు. తను ఇంట్లో లేనప్పుడు, తను అడ్డు రానప్పుడు.

"నేను లేకపోతే మీ ఇద్దరికీ ఎలాగమ్మా?"

"ఎలాగేంటి? ఆయన కత్తెర అంటాడు, నేను చీపురు తెస్తాను, ఆయన తిడతాడు, నేనూ తిడతాను. మొగుడూ పెళ్ళాలం కదే." పళ్ళేల చప్పుడు దూరమైంది, ఎక్కడో పక్కకి వచ్చి నిలబడినట్టుంది. గొంతు తగ్గించింది. "ఇంకో మాట చెప్తాను, ఏమీ అనుకోకు. ఆయన జన్మలో సారీ చెప్పిన మనిషి కాదు. నోరున్నప్పుడే చెప్పలేదు. నువ్వు చెప్పాడంటే నమ్మినట్టు ఊరుకున్నాను, పిల్ల ఆరాటపడుతోంది కదా అని. మా పోట్లాటలు ఇక మేం పడతాంలే. నువ్వు పడుకో. నీ గొంతు ఏంటి, అలా ఉంది?"

"ఏం లేదమ్మా. నిద్ర."

"పడుకో మరి" అని ఫోన్ పెట్టేసింది.

పరుపు మీద వాలింది, చెప్పులైనా విప్పకుండా. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు, ఏడవడానికీ ఓపిక కావాలి. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ వచ్చి మోకాళ్ళ మీద పడింది. రేపు మళ్ళీ ఇంటికెళ్ళాలి, బట్టలు తెచ్చుకోవాలి, నాన్న మొహం చూడాలి. ఆ మొహం చదవకుండా ఎలా చూడాలో నేర్చుకోవాలి. అమ్మ తెలిసే ఊరుకుంది, నాన్న తెలిసే కత్తెర అన్నాడు, ఇంతమందికి ఇన్ని తెలిసి తనకే తెలియకుండా తనెంత చాకిరీ చేసింది. వేళ్ళు చల్లబడుతున్నాయి, కాళ్ళు బరువెక్కుతున్నాయి, ఎక్కడో నీళ్ళ పైపులో గలగల, ఎక్కడో ఎవరో నవ్వుతున్నారు, వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో ఎవరికీ చెప్పక్కర్లేదు, సముద్రం అడుగున సన్నటి బురద నెమ్మదిగా దిగుతూ, ఒకదాని మీద ఒకటి, ఏ తొందరా లేకుండా...

తలుపు మీద రెండుసార్లు కొట్టారు. కళ్ళద్దాల అమ్మాయి గొంతు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

కళ్ళు తెరవలేదు. అలవాటుగా ఎవరి కోసమో, ఏం కావాలో, ఎవరికి చెప్పాలో అని మనసు పరుగెత్తబోయి, ఎక్కడికి పరుగెత్తాలో తెలియక నిలబడిపోయింది. బయట ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది.

"నేనున్నాను" అంది. గొంతు సర్దుకుని, "పడుకున్నాను. తర్వాత రా" అంది. పక్కకి తిరిగి మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.